సర్వాంతర్యామీ, నీకు జేజేలు

నెట్‌వర్కు మహాప్రభూ! కంప్యూటరు బల్ల దిగి గోడలో, గుమ్మంలో, చేతి సంచిలో కలిసిపోయి, కంటికి కనబడకుండానే పని చేసిపెట్టాలని 1991లో కంప్యూటరు శాస్త్రవేత్త మార్క్ వైజర్ రాశాడు. ఆ మాటలో సగం మా శ్రీశైలంలో నువ్వు అక్షరాలా నెరవేర్చావు. దోర్నాల దాటి నల్లమల ఘాట్ ఎక్కుతుంటే చాలాచోట్ల నువ్వు ఎవరికీ కనబడవు.

నీ సమదృష్టికి సాటి లేదు. శివరాత్రికి వచ్చే జనమూ, ఉగాదికి కర్ణాటక నుంచి కాలినడకన వచ్చే భక్తులూ ఒక్కసారిగా ఫోన్లు తీస్తే, ఉన్న కాస్త తరంగాన్నీ అందరికీ పంచి ఎవరికీ చాలకుండా చేస్తావు. తప్పిపోయిన బిడ్డ ఫొటో పంపే తల్లికీ, సెల్ఫీ పంపే కుర్రాడికీ నీ దగ్గర ఒకటే వరుస.

నీ దాతృత్వమూ గొప్పదే. పాత పద్ధతిలో ఉన్న సుమారు 430 కోట్ల ఇంటర్నెట్ అడ్రసులు చాలవని, 1990ల్లోనే 128 బిట్ల ఐపీవీ6 వచ్చింది. నల్లమలలో ఆకుకొక అడ్రసు ఇవ్వగలవు. ఆ ఆకు కబురు కొండ దిగే దారి మాత్రం ఇవ్వవు. అడవిలో పెట్టిన చిన్న సెన్సరుకు లెక్క కట్టడం తేలిక, రేడియోలో కబురు పంపడమే బరువు. నువ్వు పలకకపోతే అది పిలిచి పిలిచి బ్యాటరీ ప్రాణం వదులుతుంది. అంతటి భక్తిని పుట్టించగల దేవుడివి!

శ్రీశైల మల్లన్నను అల్లుడని చెప్పుకునే నల్లమల చెంచులకు నువ్వు చేసే మర్యాద మరీ ఘనం. రేషన్ బియ్యం తూచాలంటే ముందు వేలిముద్రకు నీ సెలవు కావాలి. సిగ్నల్ లేని గూడెంలో డీలరు మిషను పట్టుకుని, ముసలమ్మ తన వేలు పట్టుకుని నిన్ను వెతుక్కుంటూ గుట్ట ఎక్కాలి. కనబడకుండా ఉండాల్సిన యంత్రం ఆ రోజు గూడెమంతటికీ దర్శనమిస్తుంది.

ఇంత కీర్తించాక వరం అడగకుండా పోను. దారి తెగితే ఆ భారం నువ్వే మొయ్యి, ముసలమ్మ మీద పెట్టకు. సెన్సరు కబురును పక్క సెన్సరు చేతికి అందించు, దారి దొరికేదాకా దాచిపెట్టు. బియ్యం ఇప్పుడే తూచనియ్యి, లెక్క రేపు పంపుకో. పొయ్యి మీద ఎసరు నీ కోసం ఆగకూడదు.