పేరు సోమలింగం, ఊరు వోల్ఫ్స్‌బర్గ్

పెట్రోలు, డీజిలు కార్ల పాత కంపెనీ కరెంటు కార్లకు మారే క్రమంలో నాలుగు దశలుంటాయి: పశ్చాత్తాపం, నామకరణం, వాయిదా, సవరణ. ఏ దశనూ వదలకుండా నాలుగూ పూర్తిచేసిన సంస్థ జర్మనీలోని వోల్ఫ్స్‌బర్గ్ కేంద్రంగా నడిచే వోక్స్‌వ్యాగన్. 1937లో పుట్టి, 2 కోట్ల 10 లక్షలకు పైగా బీటిల్ కార్లు తయారుచేసిన ఈ సంస్థకు ఇంజను గురించి తెలియని సంగతంటూ లేదు. చిక్కల్లా కరెంటు కారులో ఆ ఇంజను ఉండకపోవడమే.

మొదటి దశ పశ్చాత్తాపం. ఇది దొరికిపోయిన మరునాడు మొదలవుతుంది. 2015 సెప్టెంబరు 18న అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఈ కంపెనీ డీజిలు కార్లలోని ఒక సాఫ్ట్‌వేర్ గుట్టు బయటపెట్టింది. కారును పరీక్షశాలలో నిలబెట్టారో, రోడ్డు మీద తోలుతున్నారో ఆ సాఫ్ట్‌వేర్ ఇట్టే పసిగట్టేది. పరీక్ష జరుగుతున్నంతసేపూ పొగను అదుపులో పెట్టి, రోడ్డెక్కగానే వదిలేసేది. ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజున బడి పిల్లలు చేతులు కట్టుకుని కూర్చోవడానికీ దీనికీ సూత్రం ఒక్కటే. రోడ్డు మీద వెలువడే నైట్రోజన్ ఆక్సైడ్లు అమెరికా పరిమితికి 40 రెట్ల దాకా ఉన్నాయని తేలింది. ప్రపంచవ్యాప్తంగా అలాంటి బళ్లు కోటీ 10 లక్షలు. వారం తిరక్కుండా సీఈఓ మార్టిన్ వింటర్‌కోర్న్ రాజీనామా చేశారు.

అడుసు తొక్కిన కాలు కడుక్కోవడానికి 2016లో అమెరికాలో కుదిరిన ఒప్పందం విలువ 1,470 కోట్ల డాలర్ల వరకు ఉంది. అందులో 200 కోట్ల డాలర్లు పదేళ్లలో పొగలేని వాహనాల కోసం ఖర్చు పెట్టాలన్నది ఒక షరతు. ఎలక్ట్రిఫై అమెరికా అనే చార్జింగ్ కేంద్రాల వ్యవస్థ అలా పుట్టింది. అక్కడ పోటీ కంపెనీల కార్లు కూడా చార్జింగ్ పెట్టుకుంటాయి. తప్పు చేసినవారు తవ్వించిన బావిలో ఊరంతా నీళ్లు తోడుకోవడం పుణ్యం లెక్కలోకే వస్తుంది.

రెండో దశ నామకరణం. ఈ సంస్థ పేరు మీద జరిగే ముందస్తు సంబరాలు ఆంధ్రులకు కొత్తకాదు. 2005లో విశాఖపట్నానికి వోక్స్‌వ్యాగన్ ఫ్యాక్టరీ వస్తుందని నమ్మి, నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వశిష్ట వాహన్ అనే సంస్థకు 11 కోట్ల రూపాయలకు పైగా ముట్టజెప్పింది. ఆ సంస్థ జర్మనీ కంపెనీది కాదని తరవాత తెలిసింది. వ్యవహారం సీబీఐ దాకా వెళ్లింది. ఫ్యాక్టరీ మాత్రం పుణె దగ్గరి చాకణ్‌కు వెళ్లి 2009లో ప్రారంభమైంది.

కరెంటు కార్ల నామకరణం ఇంకా ఘనంగా జరిగింది. 2021 మార్చి ఆఖరున అమెరికా విభాగం తన పేరులోని ‘కె’ తీసేసి ‘టి’ పెట్టి, ‘వోల్ట్స్‌వ్యాగన్’గా మారుతున్నట్టు ప్రకటించింది. నిజమేనా అని అడిగిన విలేకరులకు నిజమేనని చెప్పింది. పత్రికలు అచ్చేశాక, అది ఏప్రిల్ ఫూల్ పరిహాసమని సెలవిచ్చింది. డీజిలు పొగ విషయంలో నిజం చెప్పలేదని వందల కోట్ల డాలర్లు కట్టిన సంస్థ, ఆరేళ్లలోపే మళ్లీ సరదాకి అబద్ధం చెప్పింది.

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెతకు అదే నెలలో మరో దృష్టాంతం దొరుకుతుంది. 2030 నాటికి ఐరోపాలో ఆరు బ్యాటరీ ఫ్యాక్టరీలని 2021 మార్చిలోనే ప్రకటన వెలువడింది. ‘ట్రినిటీ’ అనే కారుకు పేరు కుదిరింది. దానికోసం వోల్ఫ్స్‌బర్గ్ పక్కన 200 కోట్ల యూరోలతో కొత్త ఫ్యాక్టరీకి 2022లో ఆమోదం లభించింది. మరుసటి ఏడాదే ఆ ఫ్యాక్టరీ ఆలోచన విరమించుకున్నారు. కారు దశాబ్దం చివరికి జరిగింది. పేరు మాత్రం నిలిచింది.

మూడో దశ వాయిదా. ఐడీ.3 అనే కరెంటు కారు తయారీ 2019 నవంబరులో జ్వికావ్‌లో మొదలైంది. ఛాన్సలర్ అంగెలా మెర్కెల్ స్వయంగా హాజరయ్యారు. తూర్పు జర్మనీ రోజుల్లో పొగ కక్కే టూ స్ట్రోక్ ఇంజనుతో ట్రాబంట్ కారు తయారైంది ఈ ఊళ్లోనే. డబ్బు కట్టినవారు దానికోసం ఏళ్ల తరబడి ఎదురుచూసేవారు. కొత్త కాలంలో ఎదురుచూపు కార్ల వంతయింది. తయారైన ఐడీ.3లు సాఫ్ట్‌వేర్ సిద్ధం కాక ఆరుబయట వరసలు కట్టి నిలబడ్డాయి. కొన్నవారి చేతికి రావడం 2020 సెప్టెంబరులోనే మొదలైంది.

సాఫ్ట్‌వేర్ కోసం 2020లో ఏకంగా ఒక విభాగమే ఏర్పడింది. దాని పేరు ఇప్పుడు కారియాడ్. 2022లోనూ 2023లోనూ అది ఏటా 200 కోట్ల యూరోలకు పైగా నష్టం చూపింది. అది ఆలస్యం చేసినందువల్ల ఇదే గ్రూపుకు చెందిన పోర్షే కరెంటు మకాన్, ఆడీ క్యూ6 ఈ-ట్రాన్ కూడా ఆలస్యమయ్యాయి. ఇక్కడ పరిశోధకులకు ఒక సమస్య మిగిలిపోయింది. పరీక్షను పసిగట్టి పొగను దాచిన పాత సాఫ్ట్‌వేర్ కోటికి పైగా కార్లలో ఏళ్ల తరబడి ఒక్క పొరపాటూ లేకుండా పనిచేసింది. తెర మీద పాట మార్చడానికి, వేడి తగ్గించడానికి రాసిన సాఫ్ట్‌వేరే తడబడింది. ఈ చేతివాటం ఎటు పోయిందో తెలియక సంస్థ చివరికి బయటివారిని ఆశ్రయించింది. 2023లో చైనా కంపెనీ ఎక్స్‌పెంగ్‌లో సుమారు 70 కోట్ల డాలర్లు, 2024లో అమెరికా కంపెనీ రివియన్‌తో ఉమ్మడి సంస్థకు 580 కోట్ల డాలర్ల దాకా. ఒకప్పుడు ప్రపంచానికి కారు నేర్పిన ఇంటికి ట్యూషన్ మాస్టార్లు వచ్చారు.

ఖర్చు తగ్గించే క్రమంలో మీటలూ తగ్గాయి. ఐడీ.3లో డ్రైవరు తలుపు మీద నాలుగు అద్దాలకు రెండే మీటలు పెట్టారు. వెనక అద్దం దించాలంటే ముందుగా ‘రియర్’ అన్న చోట తాకాల్సి వచ్చేది. శబ్దం పెంచే పట్టీకి రాత్రిపూట వెలుగు ఉండేది కాదు. చీకట్లో కరెంటు లేని ఏకైక భాగం అదే. 2025లో కంపెనీ డిజైన్ అధిపతి మీటలు తిరిగి వస్తాయని ప్రకటించారు. వాటిని తిరిగి కనిపెట్టడానికి అయిదేళ్లు పట్టింది. బ్యాటరీల సంగతి క్లుప్తం. సంస్థ పెద్ద వాటాదారుగా ఉన్న స్వీడన్ కంపెనీ నార్త్‌వోల్ట్ 2025 మార్చిలో దివాలా తీసింది. ఆరు బ్యాటరీ ఫ్యాక్టరీలు కాస్తా మూడయ్యాయి, అందులో ఒకటి కెనడాలో.

నాలుగో దశ సవరణ. జర్మనీ ప్రభుత్వం కరెంటు కార్ల సబ్సిడీని 2023 డిసెంబరులో ఉన్నపళంగా ఆపేసింది. 2024లో గ్రూపు అమ్మిన కరెంటు కార్లు 7 లక్షల 45 వేలకు తగ్గాయి. అదే ఏడాది డిసెంబరులో కార్మిక సంఘంతో కుదిరిన ఒప్పందం ప్రకారం 2030 నాటికి జర్మనీలో 35 వేలకు పైగా ఉద్యోగాలు తగ్గుతాయి. డ్రెస్‌డెన్‌లోని గాజు గోడల ఫ్యాక్టరీలో కార్ల తయారీ 2025 చివరితో ఆగింది. లోపల ఏం జరుగుతుందో దారినపోయేవారికి కనిపించాలని కట్టిన ఫ్యాక్టరీ అది. ఆ పని అది చివరిరోజు దాకా చేసింది. 2025 సెప్టెంబరులో పోర్షే కూడా కొన్ని కరెంటు కార్లను వెనక్కి నెట్టి, పెట్రోలు ఇంజన్ల ఆయుష్షు పొడిగించింది.

సందేహం పూర్తిగా కుదిరిన ఆ ఏడాదే ఒక విఘ్నం ఏర్పడింది. జనం కార్లు కొనడం మొదలుపెట్టారు. 2025 మొదటి ఆరు నెలల్లో గ్రూపు 4 లక్షల 65 వేల కరెంటు కార్లు అందజేసింది. అంతకుముందు ఏడాది అదే కాలంతో పోలిస్తే ఇది 47 శాతం ఎక్కువ. కొనేవారికి నమ్మకం కుదిరిన సమయానికి తయారుచేసేవారికి నమ్మకం సడలడం ఈ మార్పులోని చివరి లక్షణం.

ఈ గందరగోళమంతటిలోనూ చెక్కుచెదరని ఉత్పత్తి ఒకటుంది. వోల్ఫ్స్‌బర్గ్ ఫ్యాక్టరీలో 1973 నుంచి పంది మాంసపు సాసేజీ తయారవుతోంది. కారు భాగాల జాబితాలో దానికి 199 398 500 ఏ అనే నంబరుంది. 2021లో ప్రధాన కార్యాలయంలోని ఒక క్యాంటీన్ నుంచి దాన్ని తప్పిస్తే మాజీ ఛాన్సలర్ గెర్హార్డ్ ష్రోడర్ బహిరంగంగా అభ్యంతరం చెప్పారు. 2023లో అది తిరిగొచ్చింది. 2024లో వోక్స్‌వ్యాగన్ పేరున్న కార్లు సుమారు 48 లక్షలు అమ్ముడైతే, సాసేజీలు 85 లక్షలు దాటాయి. దానితోపాటు వడ్డించే కెచప్‌ నంబరు 199 398 500 బి. ఈ రెండు భాగాలూ ఒకదానికొకటి సరిగ్గా అమరుతాయి. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అవసరం లేదు.