రెండు పళ్ల కోడెలు

సంతలో కోడె ధర తేల్చడానికి మా తాతకి అర నిమిషం చాలు. ముట్టె పట్టుకుని, కింది పెదవి లాగి చూసి, "రెండు పళ్లు" అనేవాడు. వెనక్కొచ్చి గిట్టలు చూసేవాడు. మూపురం మీద చెయ్యేసేవాడు. ఒంటి మీద సుడి ఎక్కడుందో వెతికి, అది ఉండకూడని చోట ఉంటే, ముఖం తిప్పుకుని వేరుశెనక్కాయల బండి వైపు వెళ్లిపోయేవాడు. నచ్చితే మాత్రం తువ్వాలు కింద చెయ్యి పెట్టి, అమ్మేవాడి వేళ్లు నొక్కుతూ బేరమాడేవాడు. పక్కన నిలబడ్డ నాకు తువ్వాలు కదలడం తప్ప ఏమీ తెలిసేది కాదు.

ఇంతా చేసి ఆయన కొన్న ఎద్దుల్లో సగం సోమరిపోతులే. ఒకటైతే కాడి కనిపిస్తే చాలు, పడుకునేది. "నాలుగు పళ్లు వెయ్యనివ్వండ్రా, అప్పుడు చూద్దురుగాని" అనేవాడు తాత. నాలుగు పళ్లు వేసింది, ఆరు వేసింది. పడుకునే ఉంది.

ఈ విద్య మా వంశంలో ఆయనతోనే పోయిందనుకున్నాను. మెల్‌బోర్న్ వచ్చాక ఫెన్సుకి అవతల మళ్లీ కనిపించింది.

మాది టార్నెట్, ఊరికి పడమటి శివారు. సాయంత్రం నడకకి వెళ్తే ఇంగ్లీషు కన్నా తెలుగే ఎక్కువ చెవిన పడుతుంది. మా పక్కింట్లో మాత్రం డెబ్బై ఏళ్ల ఆస్ట్రేలియా పెద్దాయన ఉంటాడు. మన దగ్గర మీదే ఊరు, ఎవరి తాలూకా అని అడిగినట్టు, మొదటి రోజే "మీది ఏ క్లబ్బు?" అన్నాడు. నాకు క్లబ్బు లేదన్నాను. ఆయన జాలిగా చూసి, "అయితే మా సెయింట్ కిల్డాలోకి వచ్చెయ్, మైట్. చోటుకేం కరువు లేదు" అన్నాడు.

చోటుకి ఎందుకు కరువు లేదో తర్వాత తెలిసింది. ఇక్కడి ఫుటీ మనకి తెలిసిన ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు లాంటి బంతి, కోలగా ఉండే మైదానం, జట్టుకి 18 మంది, రెండు కొసల్లో నాలుగేసి స్తంభాలు. నడిమి రెండింటి మధ్య నుంచి తన్నితే ఆరు పాయింట్లు. పక్క సందులోంచి పోతే, పోనీలే పాపం అని ఒకటిస్తారు. 1873లో పుట్టిన సెయింట్ కిల్డా ఇప్పటిదాకా గెలిచిన టైటిల్ ఒకే ఒక్కటి, 1966లో. అదీ కాలింగ్‌వుడ్ మీద ఒక్క పాయింటు తేడాతో. ఆ ఒక్క పాయింటు కూడా బారీ బ్రీన్ తన్నిన బంతి పక్క సందులోంచి పోతే వచ్చింది. పెద్దాయన ఆ రోజు మెల్‌బోర్న్ క్రికెట్ మైదానంలోనే ఉన్నాడు, పదేళ్లవాడు. ముందు నిలబడ్డ మనిషి కోటు తప్ప ఏమీ కనిపించలేదట. "గోధుమరంగు కోటు, మైట్. మోచేతి దగ్గర అతుకు." దాదాపు అరవై ఏళ్లుగా ఆయన విజయం అంటే ఆ కోటే.

ఇలాంటి క్లబ్బు వాళ్లకి ఆశ మొలకెత్తేది నవంబరులో. ఆటలు సెప్టెంబరు ఆఖరుకి అయిపోతాయి. నవంబరులో డ్రాఫ్ట్. ఆ ఏడాది పద్దెనిమిదేళ్లు నిండే కుర్రాళ్లని 18 క్లబ్బులు వంతులవారీగా పేరు పెట్టి పిలుచుకుంటాయి. పట్టికలో అట్టడుగున ఉన్నవాళ్లది మొదటి పిలుపు. మన ఇంజనీరింగు కౌన్సెలింగులో మంచి ర్యాంకు వాడు కాలేజీని ఏరుకుంటాడు. ఇక్కడ తప్పిన కాలేజీ వచ్చి మంచి ర్యాంకు వాణ్ణి ఏరుకుంటుంది. నీకిష్టమేనా నాయనా అని వాణ్ణి అడిగే దిక్కు లేదు. 1986 నుంచీ ఇదే పద్ధతి. లీగులో అందరికన్నా ఎక్కువసార్లు ఆఖరున నిలిచిన క్లబ్బు సెయింట్ కిల్డాయే కాబట్టి, ఈ లెక్కన దేశంలోని మెరికలన్నీ వాళ్ల గాదెలోనే ఉండాలి.

మెరికలు వాళ్ల కళ్ల ముందు నుంచే వెళ్లారు. గాదెలే వేరు.

2001లో రెండో పిలుపు వాళ్లది. ల్యూక్ బాల్‌ని తీసుకున్నారు. మూడో పిలుపులో వెస్ట్ కోస్ట్ వాళ్లు క్రిస్ జడ్‌ని పట్టుకుపోయారు. అతను 2004లో ఒకసారి, 2010లో ఒకసారి లీగులో అత్యుత్తమ ఆటగాడికిచ్చే బ్రౌన్‌లో పతకం గెలిచాడు. పోనీ బాల్ చెడ్డవాడా అంటే, కానే కాదు. బాగా ఆడాడు, జట్టు పగ్గాలూ పట్టాడు. 2009 చివర్లో సెయింట్ కిల్డాని వదిలి కాలింగ్‌వుడ్‌కి వెళ్లిపోయాడు. మరుసటేడు ఫైనల్లో ఆ రెండు జట్లే తలపడ్డాయి. 68కి 68, సమానం! ఆఖరి నిమిషాల్లో సెయింట్ కిల్డా ఆటగాడు మిల్న్ ముందు బంతి పడి, గోలు వైపు లేవాల్సింది పక్కకి లేచింది. కోడిగుడ్డుకి ఎటు లేవాలో ఎవరు చెబుతారు? వారం తర్వాత మళ్లీ ఆడితే కాలింగ్‌వుడ్ 56 పాయింట్లతో గెలిచింది. కప్పు ఎత్తినవాళ్లలో బాల్ ఉన్నాడు. "మేం వదిలేసినవాడు మమ్మల్ని కొట్టాడు. మేం ఏరుకున్నవాడూ మమ్మల్నే కొట్టాడు" అంటాడు పెద్దాయన, పద్యం చదివినట్టు.

2013లో మూడో పిలుపులో జాక్ బిల్లింగ్స్‌ని తీసుకుంటే, నాలుగో పిలుపులో బాంటెంపెల్లి వెస్టర్న్ బుల్‌డాగ్స్‌కి వెళ్లాడు. మూడేళ్లకే ఆ క్లబ్బు 62 ఏళ్ల కరువు తీర్చుకుంది. 2014లో ఏకంగా మొదటి పిలుపు. ప్యాడీ మెకార్టిన్‌ని తీసుకున్నారు. రెండోవాడు పెట్రాకా మెల్‌బోర్న్ క్లబ్బుకి వెళ్లి, 2021 ఫైనల్లో మేటి ఆటగాడిగా నిలిచాడు. మెకార్టిన్ తలకి దెబ్బ మీద దెబ్బ తగిలింది. ఆ ఒక్కడి మీద మాత్రం పెద్దాయన హాస్యమాడడు, ఎవరినీ ఆడనివ్వడు.

ఇదంతా తెలిశాక నాకో సంగతి అర్థమైంది. ఆయన ఏ కుర్రాణ్ణి చూస్తున్నా చూసేది ఆ కుర్రాణ్ణి కాదు. నడిమైదానం వాడు కనిపిస్తే, చేజారిన బాంటెంపెల్లి కనిపిస్తాడు. భుజాలు కొంచెం అనుమానంగా ఉన్నవాడెవడైనా ఉంటే, "జడ్ భుజాల గురించీ ఇలాగే అన్నారు" అని వణుకుతాడు. మా తాతా అంతే. ఓ తెల్లెద్దు మోసం చేశాక మూడేళ్లపాటు తెల్లెద్దు వంక చూడలేదు. ఒంగోలు పక్కన కాపురం ఉంటూ!

పెద్దాయన దగ్గర ఓ నల్ల అట్ట పుస్తకం ఉంది. కుర్రాడికో పేజీ. ఎత్తు, బరువు, 20 మీటర్ల పరుగు, నిలువు గెంతు, రెండు కిలోమీటర్ల పరుగు. ఇరవై మీటర్లు మూడు సెకన్ల లోపు పరిగెత్తినవాడి పేజీలో ఆశ్చర్యార్థకం ఉంటుంది. ఉన్నట్టుండి పైకి ఎగబాకినవాడు బోల్టర్, అనుకున్న చోటు నుంచి జారినవాడు స్లైడర్. ఇప్పుడు ఆడకపోయినా ముందుముందు ఆడతాడనిపించేవాడికి సీలింగ్ ఎక్కువ అంటారు. దీన్నే మా తాత నాలుగు పళ్లు వెయ్యనివ్వండి అనేవాడు. అన్నిటికన్నా విలువైన లక్షణాన్ని మాత్రం ఎర్ర సిరాతో రాస్తాడు: ఎడమకాలు. ఎడమకాలితో తన్నేవాడి బంతి ఎదుటివాడికి అలవాటు లేని వైపు నుంచి వస్తుందట. ఎడమకాలి వాడు దొంగతనం చేసి దొరికినా, ముందు వాడు ఏ కాలితో గోడ దూకాడో అడిగే రకం ఈయన.

ఓ ఆదివారం నన్ను విలియమ్స్‌టౌన్‌కి లాక్కెళ్లాడు, పద్దెనిమిదేళ్ల లోపు వాళ్ల ఆట. సముద్రం పక్కనే మైదానం. గాలికి బంతి కాదు, మనుషులే కొట్టుకుపోయేలా ఉన్నారు. గట్టు మీద ఈయన లాంటి పుస్తకాల వాళ్లు మరో డజను మంది, ఒకరి పేజీ ఇంకొకరికి కనబడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని. నాకు తువ్వాలు గుర్తొచ్చింది. ఓ కుర్రాడు బంతి కోసం ఆలస్యంగా వంగాడు. "నడుం బరువు. లాభం లేదు" అని పెద్దాయన గట్టిగానే అన్నాడు. మా పక్కన మడత కుర్చీలో కూర్చున్నావిడ ఫ్లాస్కు మూత బిగించి, "మా వాడే" అంది. ఇద్దరం గాలిలో కలిసిపోదామనుకున్నాం. ఆవిడ కాసేపు ఆలోచించి, "నిజమే. వాళ్ల నాన్న పోలిక" అంది. ఆ తర్వాత మాకూ కాఫీ పోసింది. పెద్దాయన మర్యాదకి ఆ పేజీలో ఏదో కొట్టేసి "మంచి కుటుంబం" అని రాశాడు.

దుఃఖం వీళ్లొక్కరి సొత్తనుకునేరు. మా ఆఫీసులో ఒకాయనది రిచ్‌మండ్. 2004లో వాళ్లు నాలుగో పిలుపులో టాంబ్లింగ్‌ని తీసుకున్నారు. అయిదో పిలుపులో హాథార్న్ వాళ్లు తీసుకున్నవాడు లాన్స్ ఫ్రాంక్లిన్. 1,066 గోల్స్ కొట్టి గాని ఆట మానలేదతను. ఆ తర్వాత రిచ్‌మండ్ 2017, 2019, 2020లో మూడు టైటిళ్లు గెలిచింది. అయినా కాఫీ మెషీను దగ్గర ఎవరైనా డ్రాఫ్ట్ అంటే చాలు, ఆయన కప్పు అక్కడే పెట్టేసి అయిదో పిలుపు దగ్గరికి వెళ్లిపోతాడు.

మరి అంత కచ్చితంగా కొలిచే శాస్త్రం ఏం చెబుతుందయ్యా అంటే, జేమ్స్ హర్డ్ పేరు చెబుతారు. 1990లో ఎసెండన్ అతన్ని పిలిచింది 79వ పిలుపులో. అంటే అంతకుముందు 78 సార్లు దేశంలోని క్లబ్బులన్నీ అతన్ని చూసి వేరుశెనక్కాయలు కొనుక్కోవడానికి వెళ్లాయన్నమాట. 1996లో ఆ హర్డే బ్రౌన్‌లో పతకం పంచుకున్నాడు.

నవ్వుతూ నవ్వుతూ నేనూ పడిపోయాను. ఓ రాత్రి ఒంటిగంటకి, ఎప్పుడూ చూడని కుర్రాడి రెండు నిమిషాల వీడియోని పదకొండోసారి చూస్తుంటే మా ఆవిడ లేచింది. "ఎవరండీ ఆ పిల్లాడు? మీ మేనకోడలికి సంబంధమా?" కాదన్నాను. "మరి అంతసేపు మోకాళ్లెందుకు చూస్తున్నారు?" జవాబు లేదు. కుర్రాడిది పెర్త్, ఇక్కడికొస్తే ఇంటి మీద బెంగపెట్టుకుని రెండేళ్లకి వెళ్లిపోతాడేమోనని నా భయం. దీనికి గో-హోమ్ ఫ్యాక్టర్ అని పేరుందని కూడా చెప్పాను. ఆవిడ దుప్పటి లాక్కుంటూ, "మీకది రాలేదుగా, ఇన్నేళ్లయినా" అంది.

ఓసారి కొడుకుల సంగతి వచ్చింది. తండ్రి ఓ క్లబ్బుకి 100 ఆటలు ఆడి ఉంటే, ఆ కొడుకు మీద ఆ క్లబ్బుకి ముందు హక్కు. వేరేవాళ్లు పిలిచినా, లెక్క ప్రకారం పాయింట్లు చెల్లించి దక్కించుకోవచ్చు. మొదటి పిలుపు విలువ 3,000 పాయింట్లు. కాలింగ్‌వుడ్‌కి 250 ఆటలు ఆడిన పీటర్ డేకోస్ కొడుకు నిక్ 2021లో అలాగే వచ్చాడు. మన సినిమావాళ్లకి ఆ పాయింట్లూ అక్కర్లేదు, అది వేరే విషయం. "నేను ఆడినవి సున్నా" అన్నాను. పెద్దాయన కాసేపు గడ్డం గోక్కుని అడిగాడు:

"మీ ఆవిడ ఎక్కడ పుట్టింది?"

"తెనాలిలో."

"అది ఆసియాలోనేగా?"

ఆసియాలోనో ఆఫ్రికాలోనో పుట్టినవాళ్ల పిల్లల్ని ఈ ఆటలోకి తేవడానికి క్లబ్బులకి అకాడమీలున్నాయట. మా వాడికి తొమ్మిదేళ్లు. శనివారాలు ఆస్‌కిక్ అనే పిల్లల ఫుటీలో బంతి వెనకాల పరిగెడతాడు, ఎక్కువగా బంతి లేని వైపు. నేను నవ్వేసి ఊరుకున్నాను.

ఆ ఏడాది డ్రాఫ్ట్ రాత్రి ఆయన సోఫాలో కూర్చుని చూశాం. క్లబ్బులు అప్పటికప్పుడు పిలుపులు మార్చుకుంటూ గడబిడ చేశాయి. మావాళ్లు (ఈ మాట ఎప్పుడు నోట్లోకి వచ్చిందో తెలీదు) పిలిచిన పేరు విని ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆ కుర్రాడి పేజీ తీస్తే "వద్దు" అని ఉంది, కింద రెండు గీతలతో. పెద్దాయన కలం తీసి, ఆ మాటకి ముందు "వదల" అని చేర్చాడు. "ముందే రాసుకున్నాను" అన్నాడు.

మొన్న ఆదివారం పెరట్లో ఢామ్మని చప్పుడైంది. వెళ్లి చూస్తే తులసి కోట పక్కన కరివేపాకు కుండీ రెండు ముక్కలు, మట్టిలో ఎర్ర బంతి, దూరంగా బిక్కమొహంతో మా వాడు. మెల్‌బోర్న్ చలికి మూడేళ్లు పసిబిడ్డలా సాకిన మొక్క. మా ఆవిడ గరిటెతో సహా బయటికొచ్చింది. ఫెన్సు మీదుగా పెద్దాయన తలకాయ లేచింది.

"ఏ కాలితో తన్నాడు?"

"ఎడమ" అన్నాడు మా వాడు, ఏడుపు ఆపుకుంటూ.

తలకాయ ఒక్కసారి కిందికి పోయింది. కాగితాలు తిరగేస్తున్న చప్పుడు. మళ్లీ పైకి లేచింది. ఈసారి చూపు నా మీద కాదు, గరిటె పట్టుకున్న మా ఆవిడ మీద. గొంతులో ఎన్నడూ లేని మర్యాద.

"అమ్మా, మీరు తెనాలిలోనే పుట్టినట్టు కాగితం ఏమైనా ఉందా?"

"పదో తరగతి సర్టిఫికెట్ ఉంది" అంది మా ఆవిడ.