వెలిగితే పట్టించుకోండి

జిల్లా కేంద్రానికీ చుట్టుపక్కల మండలాలకీ కరెంటు పంపే ఒక 220 కె.వి. సబ్‌స్టేషన్ కంట్రోల్ రూమ్‌లో ఉంటాను. నన్ను అలారం ప్యానెల్ అంటారు. నా ఒంటినిండా చిన్న చిన్న అద్దాల గళ్లు, ఒక్కో గడి మీద ఒక్కో లోపం పేరు. ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ వేడెక్కినా, బ్రేకర్‌లో గ్యాస్ తగ్గినా, ట్రాన్స్‌ఫార్మర్ లోపల పుట్టే గ్యాస్‌ను పసిగట్టే బుకోల్జ్ రిలే పనిచేసినా ఆ గడి ఆరుతూ వెలుగుతూ ఉంటుంది, హూటర్ మోగుతుంది. ఆపరేటర్ వచ్చి యాక్సెప్ట్ నొక్కితే మోత ఆగి, దీపం నిలకడగా వెలుగుతుంది. లోపం పోయాక రీసెట్ నొక్కితే ఆరిపోతుంది. చేసేది ఇంతే. కానీ యార్డులో జరిగేది లోపల కూర్చున్న మనిషికి చేరేది నా ద్వారానే. నా పని చిన్నదని నేనెప్పుడూ అనుకోలేదు.

నాలో అన్నిటికన్నా ఎక్కువగా వెలిగిన గడి 'డీసీ ఎర్త్ లీకేజీ'. దాని సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఊరంతా చీకటైనా బ్రేకర్లు తెరుచుకోవాలి గనక, లోపాన్ని పసిగట్టే రిలేలకూ, లైను తెంపే బ్రేకర్లకూ బ్యాటరీ గది నుంచి 220 వోల్టుల డీసీ వస్తుంది. దాని ప్లస్సునూ మైనస్సునూ నేరుగా భూమికి కలపరు. ఎక్కడైనా తడి తగిలి ఒక తీగ భూమికి అంటుకుంటే అప్పటికప్పుడు ఏమీ కాదు. అన్నీ మామూలుగానే నడుస్తాయి. రెండోచోట కూడా అంటుకుంటేనే కరెంటుకు దొంగదారి దొరుకుతుంది. ఏ ఫాల్టూ లేకుండానే బ్రేకర్ ట్రిప్పవచ్చు. అంతకన్నా ఘోరం, ట్రిప్పవలసిన బ్రేకర్ కదలకుండా ఉండిపోవచ్చు. అందుకే మొదటి లీకేజీనే పట్టుకోవాలి. ఆ గడి పెట్టింది అందుకు.

మా దగ్గర వానలు మొదలవగానే అది వెలిగేది. ఎండ కాస్తే ఆరేది. "వానాకాలం అంతే" అన్నమాట షిఫ్టు నుంచి షిఫ్టుకు చార్జితోపాటే చేతులు మారింది. లాగ్‌బుక్‌లో మొదట్లో "డీసీ లీకేజీ ఉంది, ఎంఆర్‌టీ (మీటర్లు, రిలేల పరీక్ష విభాగం) వాళ్లకు చెప్పాం" అని రాసేవారు. పోనుపోను ఆ రాతా ఆగిపోయింది. దీన్ని నిర్లక్ష్యం అనడానికి నాకు మనసొప్పదు. రాత్రంతా మేలుకుని గంటగంటకూ రీడింగులు రాసుకునే మనుషులు వాళ్లు. రైలుకట్ట పక్కన కాపురమున్నవాళ్లకు అర్ధరాత్రి రైలు వినపడనట్టు, రోజూ వెలిగే దీపం వాళ్ల కంటికి ఆనడం మానేసింది.

వెలిగినా చూడకపోవడం ఒక ఎత్తు. అసలు నాలాంటిది మూగబోతే ఏమవుతుందో 2003లో ప్రపంచం చూసింది. ఆగస్టు 14 మధ్యాహ్నం 2 గంటల 14 నిమిషాలకు ఒహైయోలోని ఒక విద్యుత్ సంస్థ కంట్రోల్ రూమ్‌లో అలారం సాఫ్ట్‌వేర్ ఆగిపోయింది. ఆగిన సంగతే ఆపరేటర్లకు తెలియలేదు. కొత్త అలారమేదీ రావడం లేదు గనక అంతా బాగానే ఉందనుకున్నారు. బయట 345 కె.వి. లైన్లు ఒకదాని తర్వాత ఒకటి సాగి, నరకకుండా వదిలేసిన చెట్లకు తగిలి ట్రిప్పయ్యాయి. సాయంత్రం 4 దాటాక అమెరికా, కెనడాలలో సుమారు 5 కోట్ల మందికి కరెంటు పోయింది. మరుసటి ఏడాది నుంచి అక్కడి గ్రిడ్ విశ్వసనీయతను చూసే నెర్క్ సంస్థ కంట్రోల్ రూమ్‌లకు సంసిద్ధత ఆడిట్లు మొదలుపెట్టింది. ఇతర సంస్థల్లో అదే పని చేసేవాళ్లు జట్టుగా వెళ్లి చూసేవారు. లోపాలతోపాటు అక్కడ కనిపించిన మంచి పద్ధతుల్ని కూడా రాసేవారు. ఆ రెండోది నాకు బాగా నచ్చింది.

అలాంటి ఆడిట్ల అవసరం మన దేశానికి 2012లో తెలిసొచ్చింది. జులై 30న తెల్లవారుజామున 2 గంటల 33 నిమిషాలకు ఉత్తరాది గ్రిడ్ కూలింది. మొదట ట్రిప్పయిన బీనా-గ్వాలియర్ 400 కె.వి. లైను మీద ఫాల్టే లేదు. లోడు పెరిగి వోల్టేజీ పడిపోయేసరికి, రిలే దాన్ని ఎక్కడో దూరాన జరిగిన ఫాల్టుగా లెక్కగట్టి లైను తీసేసింది. మర్నాడు మధ్యాహ్నం ఉత్తరాదితోపాటు తూర్పు, ఈశాన్య గ్రిడ్లూ పడిపోయాయి. దక్షిణాది గ్రిడ్ అప్పటికింకా మిగతా దేశంతో ఏసీ లైన్లతో కలవలేదు గనక బయటపడింది. 2013 డిసెంబర్ 31న రాయచూర్-షోలాపూర్ 765 కె.వి. లైనుతో దక్షిణాదివాళ్లం మనమూ కలిశాం. ఇక అక్కడి తప్పు ఇక్కడికీ తగులుతుంది. రక్షణ వ్యవస్థలను బయటివాళ్లతో ఆడిట్ చేయించాలనీ, దాన్ని మళ్లీ మళ్లీ జరపాలనీ 2012 ఘటనలపై వేసిన విచారణ సంఘం చెప్పింది. 2023 గ్రిడ్ కోడ్ ప్రకారం ఏటా సొంత ఆడిట్, మాలాంటి 220 కె.వి., ఆపై సబ్‌స్టేషన్లకు ఐదేళ్లకోసారి బయటివాళ్ల ఆడిట్ తప్పనిసరి.

అలా ఆడిట్ చేసేవాళ్లు మా దగ్గరికీ వచ్చారు. జట్టులో పెద్దాయన వేరే సంస్థలో రిలేల పనిలోనే తల నెరిసినవారు. ముందుగా నా ల్యాంప్ టెస్ట్ బటన్ నొక్కారు. రెండు గళ్లు వెలగలేదు. బల్బులు మార్పించారు. చాలామంది తనిఖీ అక్కడితో ఆపేస్తారు. ఆయన ఆపలేదు. "బల్బు బాగుందని తెలిసింది. కబురు వస్తోందో లేదో చూద్దాం" అంటూ ఎంఆర్‌టీ అబ్బాయిని యార్డులోకి పంపారు. అతను ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర అలారం తీగలు చేరే మార్షలింగ్ బాక్సు తెరిచి, బుకోల్జ్ అలారం టెర్మినళ్లు రెండింటినీ చిన్న వైరు ముక్కతో కలిపాడు. నేను వెలగలేదు. మళ్లీ కలిపాడు. ఊహూఁ. కేబుల్ మధ్యలో ఎక్కడో తెగింది. ట్రాన్స్‌ఫార్మర్ లోపల గ్యాస్ పుట్టి రిలే ముందే హెచ్చరించినా, ఆ కబురు నాకు చేరేది కాదు.

తర్వాత డీసీ గడి వైపు తిరిగారు. "ఇదెప్పట్నుంచి వెలుగుతోందమ్మా?"

"వానలు పడ్డప్పట్నుంచి సార్. ఎండొస్తే అదే పోతుంది" అంది షిఫ్టులో ఉన్న సబ్ ఇంజినీర్ అమ్మాయి.

ఆయన గొంతు పెంచలేదు. పాత లాగ్‌బుక్కులు తెప్పించుకుని కూర్చున్నారు. ఏ వానకు ఏ తేదీన మొదలైందో, ఆ రోజుల్లో కారణం తేలని ట్రిప్పింగులు ఏమున్నాయో పక్కపక్కన రాయించారు. ఆ కాగితం చూశాక గదిలో ఎవరూ "వానాకాలం అంతే" అనలేదు.

ఆయన అడిగిన మరో ప్రశ్న యంత్రాల గురించి కాదు. "ఈ ట్రాన్స్‌ఫార్మర్ పడిపోయి, రెండోదాని మీద మోయలేనంత లోడు పడిందనుకో. లోడ్ డిస్పాచ్ సెంటర్ వాళ్ల ఫోను కలవడం లేదు. ఏం చేస్తావమ్మా?"

ఆ అమ్మాయి కాసేపు ఆలోచించింది. "ఏ ఫీడర్ తీయాలో తెలుసు సార్. చెప్పకుండా తీయొచ్చో లేదో తెలియదు."

ఆడిట్ మొత్తంలో ఇంత విలువైన జవాబు మరొకటి లేదంటాను. పని వచ్చిన మనిషి చేతికి అధికారం లేదన్నది ఏ మీటరూ చూపించదు. అలాంటి సమయంలో ఏ వరుసలో ఫీడర్లు తీయాలో, ముందు తీసి తర్వాత ఎవరికి చెప్పాలో రాసి, డివిజనల్ ఇంజినీర్ గారు సంతకం చేసిన కాగితం ఇప్పుడు ఆపరేటర్ బల్ల మీద అద్దం కింద ఉంది.

ఒక లైను మధ్యలో కొత్త సబ్‌స్టేషన్ వచ్చి పొడవు తగ్గినా, రిలేలో పాత పొడవు లెక్కే ఉందని కూడా పట్టుకున్నారు. దాన్ని ఆ వారమే మార్చారు. బుకోల్జ్ కేబుల్ కొత్తది వేశారు. షిఫ్టు మారేటప్పుడు వెలుగుతున్న ప్రతి గడికీ కారణం రాసి, ఇద్దరూ సంతకం పెట్టాలన్న పద్ధతి వచ్చింది.

డీసీ లీకేజీ మాత్రం పూర్తిగా పోలేదు. యార్డులో సగం జంక్షన్ బాక్సులకు కొత్త రబ్బరు సీళ్లు పడ్డాయి. మిగతా సగం, పాత కేబుళ్లతో సహా, వచ్చే మార్చిలోపు పూర్తి చేస్తామని నివేదికకు జవాబు రాశారు. ఆ పద్దు రిజిస్టర్‌లో ఇంకా తెరిచే ఉంది. నెలనెలా అసిస్టెంట్ డివిజనల్ ఇంజినీర్ గారు దాని పక్కన ఎంతవరకు వచ్చిందో రాస్తున్నారు. మార్చి తర్వాత పడే మొదటి వానకు ఆ గడి వెలగకూడదు. వెలిగితే ఏ బాక్సు దగ్గర తడి చేరిందో ఆ షిఫ్టులోనే వెతకాలి.