వెయ్యి గింజల బరువు

బాపట్ల వ్యవసాయ కళాశాల ప్రయోగశాలలో, అద్దాల పెట్టెలో ఉండే త్రాసును నేను. రెండు పళ్లేలు, నడుమ ఒక ముల్లు. తూకపు రాళ్లను వేళ్లతో ముట్టుకోనిచ్చేవారు కాదు, చేతి జిడ్డు అంటినా బరువు మారిపోతుంది. సూర్యలంక తీరం వైపు నుంచి గాలి వీస్తే నా ముల్లు నిలవదు. "తలుపు వేసి తూచండర్రా" అని మాస్టార్లు కేకేసేది అందుకే.

ఈ కళాశాల 1945లో మొదలైంది. అంతకుముందు మద్రాసు రాష్ట్రంలోని తెలుగు కుర్రాళ్లు వ్యవసాయ డిగ్రీ కోసం కోయంబత్తూరు రైలెక్కాల్సిందే. తొలినాళ్లలో ఆంధ్ర విశ్వవిద్యాలయం కింద ఉండేవాళ్లం. 1964లో వ్యవసాయానికంటూ ఒక విశ్వవిద్యాలయం వచ్చింది. మరుసటి ఏడు మార్చి 20న హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి దాన్ని ప్రారంభించారు. అమెరికా గోధుమల ఓడ ఎప్పుడొస్తుందా అని దేశం ఎదురుచూస్తున్న కాలమది. పాఠం చెప్పేవాళ్లే పరిశోధన చెయ్యాలి, తేలిన సంగతి రైతుకు చేరాలి అన్న పద్ధతి అప్పుడే స్థిరపడింది. నాకు చేతినిండా పని దొరికిందీ అప్పుడే.

ఆ పని పేరు టెస్ట్ వెయిట్. పొలం నుంచి తెచ్చిన వడ్లను ట్రేలో పోసి, తాలు ఏరేసి, గట్టి గింజలు వెయ్యి లెక్కపెడతారు. తేమ కూడా చూడాలి, వరి దిగుబడి లెక్కలు 14 శాతం తేమ మీద కడతారు. ఆ తర్వాత నా పళ్లెంలో పోసేవారు. చదరపు మీటరుకు కంకులెన్ని, కంకికి గింజలెన్ని, వెయ్యి గింజల బరువెంత అన్న మూడూ కలిస్తేనే ఎకరాకు ఎన్ని బస్తాలో తేలేది.

లావు గింజ తూగుతుంది, సన్న గింజ తూగదు. 1986లో విడుదలైన మా వరి రకం బీపీటీ 5204 వెయ్యి గింజలు 15 గ్రాములకు అటూ ఇటూ. కోయంబత్తూరు జీఈబీ 24, తైవాన్ పొట్టి రకం టీఎన్ 1, మలేసియా నుంచి వచ్చిన మసూరి దాని పూర్వీకులు. కంకి నిండా గింజ పట్టి ఆ తేలికదనాన్ని పూడ్చుకుంది. దాని వాడుక పేరే సాంబ మసూరి, ఆ పేరు తెలియని తెలుగిల్లు ఉండదు. దానికి అగ్గి తెగులు, ఎండాకు తెగులు బెడద ఎక్కువే. గాలివానకు పడిపోతుంది కూడా. అయినా రైతు వదల్లేదు, తినేవాడు వదలనివ్వలేదు. ఎండాకు తెగులును తట్టుకునే సాంబ మసూరిని తర్వాత హైదరాబాద్ శాస్త్రవేత్తలు తయారుచేశారు.

మిల్లులో పడ్డాక గింజ ఏమవుతుందో చూడటం ఆహార విజ్ఞానం వాళ్ల వంతు. నూరు కిలోల వడ్లలో ఊకే 20 కిలోల దాకా పోతుంది, తవుడు పోగా మిగిలే బియ్యం 70కి అటూ ఇటూ. అందులో నూకలెన్ని? ఉడికితే గింజ ఎంత సాగుతుంది? చల్లారాక అన్నం గట్టిపడుతుందా? గింజలోని అమైలోజ్ అనే పిండిపదార్థం శాతం చూస్తే అదీ తెలుస్తుంది. ఈ చదువుకు బాపట్లలోనే ఒక కళాశాల వచ్చింది. ఇంకా ముందే రావాల్సిందని నా గట్టి అభిప్రాయం. పండించడం నేర్పిన చోటే వండటం, నిలవ చెయ్యడం కూడా నేర్పాలి కదా!

1996లో విశ్వవిద్యాలయానికి ఆచార్య ఎన్.జి. రంగా పేరు పెట్టారు. ఆయన నిడుబ్రోలు మాకు దగ్గరే. 2014లో రాష్ట్రంతోపాటు విశ్వవిద్యాలయమూ రెండయింది. తెలంగాణ వైపు రాజేంద్రనగర్ ఆచార్య జయశంకర్ పేరుతో వేరుపడింది, మా కేంద్రం గుంటూరు లాంకు వచ్చింది.

ఇప్పుడు తూకమంతా ఎలక్ట్రానిక్ త్రాసుదే. కొత్త వరి రకం ఏది వచ్చినా ఆ త్రాసు ముందు కూర్చున్న పిల్లలు మొదట అడిగేది వెయ్యి గింజల బరువే. రెండో ప్రశ్న, అన్నం సాంబ మసూరిలా ఉంటుందా అని.