సజ్జ మీది ఉడుత గురించి కలెక్టర్ గారికి

గౌరవనీయులైన వికారాబాద్ జిల్లా కలెక్టర్ గారి సముఖానికి,

తాండూరు వాస్తవ్యుడు, రిటైర్డ్ గుమాస్తా ఒకడు నమస్కరించి రాసుకుంటున్న బహిరంగ విన్నపం.

విషయం: ఉడుత, ఎలుక, పందికొక్కు అనువారు అనుమతి లేకుండా మా రెండు ఇళ్లలో కాపురం పెట్టిన సంగతి.

సూచిక: మా ఇంటావిడ నోటిమాటగా జారీ చేసిన ఉత్తర్వులు, పూటకొకటి చొప్పున.

కలెక్టర్ గారూ,

సోమవారం ప్రజావాణికి భూమి గొడవలతో వచ్చేవాళ్లకు కొదవ ఉండదని ఎరుగుదును. నాదీ ఆక్రమణ కేసే. కాకపోతే నేల మీద కాదు, సజ్జ మీద.

మాకు రెండిళ్లు. తాండూరులో మా నాయన కట్టించినది పాతది. ఇనుప గర్డర్ల మీద నాపరాయి బండలు పరిచిన కప్పు, కింద నాపరాయి నేల, వంటింట్లో అరలు కూడా నాపరాయే. వికారాబాద్‌లో అనంతగిరి రోడ్డు వైపు ఉన్నది అల్లుడు బ్యాంకు లోనుతో కట్టుకున్న కొత్త ఇల్లు. నడుమ సుమారు 40 కిలోమీటర్లు. నెలలో సగం రోజులు ఇక్కడ, సగం అక్కడ. తాండూరులో ఎలుకల బాధ పడలేక వికారాబాద్ రైలెక్కాను. దిగి, కాళ్లు కడుక్కుని, చాయ్ తాగుతుంటే బిడ్డ చెప్పింది: "నాయనా, సజ్జ మీద ఏదో కిచకిచమంటుంది. జర చూడరాదు?"

స్టూలు వేసుకుని ఎక్కాను. ఏసీ పైపు కోసం గోడకు కొట్టిన కన్నం ఉంది చూశారా, మేస్త్రీ దాని చుట్టూ సిమెంటు పూయడం మరిచిపోయాడు. పైపు అటు పోతే ఉడుత ఇటు వచ్చింది. పిట్టగోడ మీదికి వాలిన మామిడి కొమ్మ దానికి రహదారి. సజ్జ మీద పెళ్లి సూట్‌కేసుకూ పాత మిక్సీ డబ్బాకూ మధ్య గూడు. కొబ్బరి పీచు, బొంతలోంచి లాగిన దూది, మా అల్లుడి బనియన్ దారాలు, బతుకమ్మ చీర కుచ్చుల్లోంచి ఒక్కటంటే ఒక్క ఎర్ర దారం. దూది లోపలికి, పీచు బయటికి. ఇంత పద్ధతిగా ఇల్లు కట్టిన మేస్త్రీని నా సర్వీసులో చూడలేదు. గూటి నడుమ చిటికెన వేలంతేసి గులాబీ రంగు పిల్లలు మూడు. కళ్లు తెరవలేదు. తల్లి ఫ్యాను రెక్క మీద నిలబడి తోక జాడించి నన్ను తిట్టింది. తిట్టడానికి దానికి హక్కున్నట్టే అనిపించింది నాకా క్షణంలో.

కింద మా ఆవిడ చేతులు జోడించింది. "పాపం, రాముల వారు నిమిరిన జీవి. ముట్టకు." కలెక్టర్ గారూ, ఇదే తాండూరు ఇంట్లో ఎలుక కనబడితే ఈవిడే చీపురు తిరగేస్తుంది. ఉడుత ఇన్వర్టరు తీగ కొరికింది, నీళ్ల ఫిల్టరు పైపు కొరికింది, బొంత చింపింది. ఎలుక చేసిందీ అంతే కదా. ఒకరికి అక్షింతలు, ఒకరికి ఎలుకల మందు. ఈ పక్షపాతం మీదే మీ తీర్పు కోరుతున్నాను.

ఉడుతకు ఆ సిఫారసు ఎక్కడి నుంచి వచ్చిందో ఆరా తీశాను. వాల్మీకి రామాయణంలో వారధి దగ్గర ఉడుత కనబడదు. తెలుగులో దాన్ని సేతువు పనిలో పెట్టింది రంగనాథ రామాయణం రాసిన గోన బుద్ధారెడ్డి. గోన వారు ఏలింది మన పక్కనే, పాలమూరు సీమను. అంటే మా సజ్జ మీది ఆక్రమణదారుకు పొరుగు జిల్లా దొరవారి రికమండేషన్ ఉందన్నమాట. ఎలుకకు మాత్రం ఏం తక్కువ? సాక్షాత్తూ వినాయకుడి వాహనం. కానీ దాని మర్యాద నవరాత్రుల తొమ్మిది రోజులకే. నిమజ్జనం మరునాడు మళ్లీ బోను.

చట్టం చూద్దామనుకున్నాను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఐదో షెడ్యూలు అని ఒకటుండేది. హానికర జీవుల జాబితా. కాకి, పండ్లు తినే గబ్బిలం, చిట్టెలుక, ఎలుక అందులో ఉండేవి. ఐదు చారల ఉడుత పేరు మాత్రం నాలుగో షెడ్యూల్లో రక్షణ ఉన్న జీవుల మధ్య ఉండేది. 2022 సవరణలో షెడ్యూళ్లు కుదించారు, ఆ ఐదోది పోయింది. సవరణ సంగతి పక్కన పెట్టినా నాకొచ్చిన చిక్కు వేరు. రాముడు నిమిరితే పడ్డవి మూడు చారలు. చట్టం పేరు పెట్టింది ఐదు చారలదాన్ని. మూడయితే దేవాదాయ శాఖ, ఐదయితే అటవీ శాఖ. మా ఉడుతకు ఎన్ని చారలున్నాయో లెక్కపెడదామని మూడు రోజులు కూర్చున్నాను. రెండో చార దాకా వచ్చేసరికి అది మామిడి చెట్టెక్కుతోంది.

అది చిన్న జీవే కదా అంటారేమో. 1987లో అమెరికాలో ఒక ఉడుత కరెంటు తీగల్లో తలదూర్చితే నాస్‌డాక్ షేర్ మార్కెట్ గంటకు పైగా ఆగిపోయింది. మా ఇంట్లో ఆగింది సీరియలు ఒక్కటే. అయినా ఆ రాత్రి జరిగిన గొడవకు సాక్షులున్నారు.

ఇక తాండూరు కేసు. అది వేరే స్థాయి.

మన కందులకు 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని అందరం మిఠాయిలు పంచుకున్నాం. మంచి రుచి, బాగా ఉడుకుతాయి, ఎక్కువ కాలం నిల్వ ఉంటాయి, ఇవీ తాండూరు కందుల గుణాలు. మొదటి రెండూ ఎలుకలు సరిచూసుకుని ధ్రువీకరించాయి. మూడోది సరిచూసేంత కాలం అవి ఉంచలేదు. మా నాయనమ్మ కాలంలో గుమ్మికి అడుగున పేడ, మట్టి కలిపి మెత్తి, చుట్టూ జానెడు ఖాళీ వదిలేవాళ్లట. ఎలుక బయటపడి నడవాల్సిన జాగా అది. దానికి అదే భయం. ఇప్పుడు బస్తాలు గోడకు ఆనించి పేరుస్తున్నాం. ఆ వెనక సందు దానికి రాజమార్గం.

నాపరాయి సంగతీ చెప్పాలి. భీమా బేసిన్ సున్నపురాయి ఇది. పొరలు పొరలుగా చీలుతుంది కాబట్టే ఇంత చవకగా ఇన్ని ఊళ్లలో నేలలయింది. కానీ పాత ఇళ్లలో బండల్ని మట్టి మీదే పరిచేవారు. సందుల్లో పోసిన సున్నం పాతికేళ్లకు రాలిపోతుంది. పందికొక్కుకు అంతకన్నా ఏం కావాలి? కింద నుంచి తవ్వుతుంది. పైన బండ చెక్కుచెదరదు, కింద మట్టి ఉండదు. మా హాల్లో ఏ బండ మీద మడమతో తట్టినా కొన్ని ఠంగుమంటాయి, కొన్ని డబ్‌మంటాయి. డబ్‌మన్న చోట అది ఉంది. చుట్టాలొస్తే కుర్చీలు ఠంగుమనే బండల మీదే వేస్తాం.

అన్నట్టు, ఇంగ్లీషు వాడి 'బ్యాండికూట్' మన 'పందికొక్కే'. మన భాష ఆ భాషకిచ్చిన కొద్ది మాటల్లో ఒకటి. తర్వాత వాళ్లు దాన్ని ఆస్ట్రేలియా తీసుకెళ్లి, కడుపుకు సంచి ఉన్న వేరే ఏదో జంతువుకు తగిలించారు. మాట వెళ్లింది గానీ మనిషి వెళ్లలేదు. మా హాలు కిందే ఉంది.

ఇప్పుడు మీ పరిధిలోకి వచ్చే అంశం: బదిలీలు. మా వీధిలో అందరం బోనులు పెడతాం. పడ్డ ఎలుకను చంపడానికి చేతులు రావు. పొద్దున్నే వాకింగుకు పోతూ సంచిలో బోను పెట్టుకుని పక్క వీధి చివర వదిలి వస్తాం. కిరాణా సేటు మా కంటే భక్తుడు, కాగ్నా వంతెన అవతల దాకా బండి మీద తీసుకుపోతాడు. అవి తిరిగొస్తున్నాయని నా అనుమానం. మా మనవరాలు తన ఎర్ర నెయిల్ పాలిష్ తెచ్చి, బోను చువ్వల్లోంచి బయటికి జారిన తోక కొసకు ఒక చుక్క పెట్టింది. తీసుకెళ్లి రెండు వీధుల అవతల వదిలాను. నాలుగో రోజు బోనులో మళ్లీ ఒకటి పడింది. తోకకు చుక్క ఉంది. కానీ ఆకుపచ్చది.

ఆ రోజు అర్థమైంది నాకు, తాండూరులో ఈ పరిశోధన చేస్తున్నది మేమొక్కరమే కాదని. ఎలుకలు ఎక్కడివక్కడ ఉన్నాయి, మనమే వాటికి పరస్పర బదిలీలు ఇస్తున్నాం. టీఏ, డీఏ లేకుండా.

మందు మాట ఎత్తకుండా ఉండలేను. పక్కింటాయన జింకు ఫాస్ఫైడు నల్లపొడి పిండిలో కలిపి పెట్టాడు. కడుపులో ఆమ్లం తగిలితే అది ఫాస్ఫీన్ వాయువు అవుతుంది, ఎలుకకైనా, పిల్లికైనా, పాకే పిల్లాడికైనా. కొంచెం తిని చావకుండా బయటపడ్డది మళ్లీ ఆ ఎర ముట్టదు. ఆయన ఎలుక చచ్చింది కూడా ఎక్కడ? మా ఇద్దరి ఇళ్లకూ ఉమ్మడి గోడలో. తొమ్మిది రోజులు అగరొత్తులు ఆయన కొన్నాడు, పన్నెండు రోజులు మేం కొన్నాం. జిగురు అట్ట ఇంకా పాపం. జంతు సంక్షేమ మండలి 2011లోనే వద్దన్నది. మేం పెట్టిన అట్టకు మొదటి రాత్రి ఒక బల్లి, రెండో రాత్రి నా హవాయి చెప్పు అంటుకున్నాయి. మూడో రాత్రి చిట్టెలుక. తెల్లారేదాకా దాని అరుపు వినలేక మా ఆవిడే లేచి వంట నూనె పోసి విడిపించింది. చీపురు తిరగేసే మనిషే.

నవ్వులాటే అనుకోకండి. 2015లో గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో ఎలుకలు కొరికిన పసికందు చనిపోయాడు. 2022లో వరంగల్ ఎంజీఎం ఐసీయూలో మంచం మీది రోగిని కొరికాయి. మా నాయనమ్మ చెప్పేది, ఇంట్లో చచ్చిన ఎలుక రాలితే ఊరు ఊరంతా మూటాముల్లె కట్టుకుని చేన్లలో గుడిసెలేసుకునేదని. ప్లేగు కాలం. మన అనంతగిరిలో పుట్టిన మూసీయే 1908లో హైదరాబాదును ముంచింది. వెనకే ప్లేగు వచ్చింది. 1912లో నిజాం సర్కారు సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టి చేసిన పని నాకు నచ్చుతుంది. ఎలుకను తిట్టుకుంటూ కూర్చోకుండా ఇరుకు ఇళ్ల మీద పడ్డారు, గాలీ వెలుతురూ ఆడే ఇళ్లు కట్టారు.

అందుకే నా అసలు ఫిర్యాదు ఎలుక మీద కాదు, ఉడుత మీద కాదు. కన్నం మీద. పెన్సిలు దూరే సందు చాలు చిట్టెలుకకు, బొటనవేలు పట్టే కన్నం చాలు పెద్ద ఎలుకకు. దాని ముందు పళ్లు బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి, కొరకకపోతే నోరు మూయలేదు. దానిది దురుద్దేశం కాదు, అవసరం. మూడు వారాలకో కాన్పు చేసే జీవితో లెక్కల్లో పోటీ పడి గెలిచినవాడు లేడు. ఇంటి ప్లానుకు అనుమతి అడిగితే మెట్లు ఎటో, కిటికీ ఎటో, గోడకు రోడ్డుకు ఎన్ని అడుగులో కొలుస్తారు. ఏసీ పైపు చుట్టూ సందు, వెంటిలేటరుకు జాలీ, బాత్రూం నీళ్లు పోయే తూముకు మూత, వీటి గురించి ఆ కాగితంలో ఒక గడి లేదు. ఒక్క గడి పెట్టించండి. సన్న కన్నుల ఇనుప జాలీ, సిమెంటులో కలిపిన గాజు పెంకులు, పిట్టగోడకు రెండు గజాల దూరంలో నరికిన మామిడి కొమ్మ. ఇంతకు మించి మందూ వద్దు, బోనూ వద్దు. నేను తాండూరులో ఈ పని మొదలుపెట్టాను. హాల్లో డబ్‌మనే బండలు పదకొండు లేపించి, కింద కంకర, సిమెంటు పోయించాను. పన్నెండోది లేపుతుంటే మేస్త్రీ "సారూ, లోపల ఎవరో ఉన్నరు" అన్నాడు. పందికొక్కు నన్నూ మేస్త్రీనీ ఎగాదిగా చూసి, పెద్దమనిషిలా నడుచుకుంటూ తలుపులోంచే బయటికి పోయింది.

వికారాబాద్ సజ్జకు మాత్రం కొంత గడువు కావాలి. కన్నం ఇప్పుడే మూసేస్తే తల్లి బయట, పిల్లలు లోపల. అల్లుడు సిమెంటు కలిపి సిద్ధంగా ఉన్నాడు. నేను ఆపాను. పిల్లలు కళ్లు తెరిచి, ఒళ్లంతా వెంట్రుకలొచ్చి, మామిడి కొమ్మ పట్టేదాకా ఆగుదామని చెప్పాను. ఈలోగా ఇన్వర్టరు తీగకు పైపు తొడిగించాం. సీరియలు వస్తోంది. ఆ పైన ఏ రోజు మూయమంటారో మీరే ఉత్తర్వు ఇప్పించండి. నేనంటే ఇంట్లో ఎవరూ వినరు.

జతపరచవలసినవి: వికారాబాద్ ఇంటి పన్ను రసీదు, ఒకటి. ఇది జతచేయలేకపోతున్నందుకు మన్నించాలి. అది గూట్లో ఉంది, ముక్కలై, పిల్లల కింద. ఇంటి నంబరున్న ముక్క మాత్రం అంచున పైకి కనబడుతోంది. లాగబోతే తల్లి ఫ్యాను మీంచి దిగొచ్చింది, వదిలేశాను. రసీదు ఎవరి దగ్గరుంటే ఇల్లు వారిదని ముప్పై ఏళ్లు అందరికీ నేనే చెప్పాను.

ఇట్లు,
సజ్జ కింద కాపురముంటున్న
మీ విధేయుడు