మండపం మావయ్య

పెళ్ళి కుదిరిందన్న కబురు బయటికి పొక్కిన మర్నాడే ప్రతి తెలుగింటికీ ఒకాయన ఫోన్ చేస్తాడు. అబ్బాయి ఏం చేస్తున్నాడని అడగడు. లాంఛనాల ఊసెత్తడు. "హాలు మాట్లాడారా?" అంటాడు. ఇంకా లేదంటే ఒక్క క్షణం ఊరుకుని, "సరే, నేను చూస్తాను లెండి" అంటాడు. ఈయన పెళ్ళికూతురికి మేనమామ కావచ్చు, తండ్రికి తోడల్లుడు కావచ్చు, అపార్టుమెంటు అసోసియేషన్‌కు మాజీ కార్యదర్శి కావచ్చు. వరస ఏదైనా చేసే పని ఒకటే కనుక మండపం మావయ్య అనేస్తే సరిపోతుంది. ఆయన చాదస్తాన్ని చూసి నవ్వనివాళ్ళు లేరు. హాలంటే నాలుగు గోడలూ ఒక వేదికే కదా, దానికి ఏడు చోట్ల తిరగాలా అంటారు. అయితే నవ్వే ముందు ఆయన అసలు ఏం చూస్తున్నాడో గమనించాలి. ఆయన చూసేది హాలును కాదు, రేపు ఆ హాల్లో పుట్టబోయే నిష్ఠూరాలను. ఆ చూపు మరొకరికి లేదు గనకే ఇన్ని సదుపాయాలు వచ్చాక కూడా ఆయన లేనిదే పెళ్ళి ముందుకు కదలడం లేదని నా వాదన.

ఆయన హాలు చూడటానికి ఎంచుకునే వేళే ఇందుకు మొదటి సాక్ష్యం. మేనేజరు తీరిగ్గా తాళం తీసి, లైట్లన్నీ వేసి చూపించే హాలుకు ఆయన విలువ ఇవ్వడు. ఖాళీ హాలు పెళ్ళిచూపుల్లో కూర్చున్న పెళ్ళికొడుకు లాంటిదట, అప్పుడు దేనికైనా తలూపుతుందట. అందుకని వేరేవాళ్ళ పెళ్ళి జరుగుతుండగా, రాత్రి ఎనిమిదిన్నరకు, ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వెళ్తాడు. మగపెళ్ళివారు ఆయన్ని ఆడపెళ్ళివారి మనిషి అనుకుంటారు. ఆడపెళ్ళివారు మగపెళ్ళివారి మనిషి అనుకుని ఇంకో నమస్కారం ఎక్కువ పెడతారు. పన్నీరు చల్లించుకుని, వేదిక వైపు కన్నెత్తి కూడా చూడకుండా, నేరుగా చేతులు కడిగే చోటికి పోయి నిలబడతాడు. ఎనిమిది కుళాయిల్లో ఎన్నింటికి నీళ్ళొస్తున్నాయి, కింద నీళ్ళు మడుగు కట్టి పట్టుచీరల అంచుల దాకా వచ్చాయా, ఎంగిలి ప్లేట్ల టబ్బు ఎక్కడ పెట్టారు, ఐస్‌క్రీం బల్ల దగ్గర పిల్లలు పెద్దల్ని తొక్కుతున్నారా పెద్దలే పిల్లల్ని తొక్కుతున్నారా, ఇవన్నీ చూస్తాడు. తర్వాత గేటు బయట నిలబడి కార్లు ఎలా కదులుతున్నాయో కాసేపు పరిశీలిస్తాడు. భోంచెయ్యమని ఎవరు లాక్కెళ్ళినా చెయ్యడు. పిలవని పెళ్ళిలో కుళాయి తిప్పవచ్చు గానీ విస్తరి ముందు కూర్చోకూడదన్నది ఆయన నియమం. కిళ్ళీ మాత్రం ఈ నియమం కిందికి రాదు.

ఇక ఆయన లెక్కలు. గేటు మీద 1500 మంది పడతారని రాసి ఉంటుంది. లోపల కుర్చీలు వేస్తే 600. డైనింగులో ఒకేసారి కూర్చునేది 250. తక్కినవాళ్ళ సంగతేమిటంటే మేనేజరు చిరునవ్వుతో "ఫ్లోటింగ్ సార్" అంటాడు. వచ్చేవాళ్ళు వస్తుంటే పోయేవాళ్ళు పోతుంటారన్న ఆ భరోసా మీద హాళ్ళు నడుస్తాయి గానీ పెళ్ళిళ్ళు నడవవు. మనవాళ్ళు వచ్చేది అందరూ ఒకేసారి, పోయేది భోజనం అయ్యాకే. మావయ్య జేబులోంచి పాత శుభలేఖ తీసి దాని వెనక లెక్క వేస్తాడు. ఆకు వెయ్యడం, వడ్డన, పెరుగు, బల్ల తుడవడం కలిపి బంతికి 35 నిమిషాలు. వెయ్యి మందికి 250 చొప్పున నాలుగు బంతులు, అంటే రెండు గంటల ఇరవై నిమిషాలు. అదే 350 మంది కూర్చునే డైనింగయితే మూడు బంతులతో గంటా నలభై అయిదు నిమిషాల్లో సరి. ఈ 35 నిమిషాల తేడా కోసమా పాతిక వేలు ఎక్కువ పోసేది అని ఇంటాయన విసుక్కుంటాడు. కానీ ఆ నాలుగో బంతిలో కూర్చునేది ఎవరు? మొదటి బంతి ఆఫీసువాళ్ళది, రెండోది వియ్యాలవారిది, మూడోది ఊరివాళ్ళది. ఆఖరుది ఇంటి ఆడపడుచులది, అంటే పెళ్ళికూతురి మేనత్తలది. అప్పటికి పూర్ణంబూరెలు అయిపోయి ఉంటాయి. పాతిక వేలు రెండేళ్ళలో మరుపున పడతాయి. పూర్ణంబూరె అందని మేనత్త ఆ సంగతిని ప్రతి సంక్రాంతికీ కొత్తగా గుర్తు చేస్తుంది. ఇప్పుడు చెప్పండి, ఎవరి లెక్క సరైనదో.

గదుల దగ్గర ఆయన మరీ నిర్దయుడు. పది ఏసీ గదులున్నాయంటే సంతోషించడు. పదీ ఒకే అంతస్తులో ఉన్నాయా అని అడుగుతాడు. అయిదు కింద, అయిదు పైన ఉంటే మగపెళ్ళివారిలో సగం మందికి మర్యాద తక్కువైనట్టే లెక్క. పైగా ఎవరు ఏ సగమో తేల్చాల్సింది మనమే. డైనింగు సెల్లారులో ఉంటే మెట్లు లెక్కపెట్టి, ఊళ్ళో ఎన్ని మోకాళ్ళకు ఆపరేషన్లయ్యాయో మనసులోనే గుణించుకుంటాడు. లిఫ్టు ఉందంటే నమ్మడు, ఎక్కి చూస్తాడు. ఆ తర్వాత మెయిన్ ఆపించి, జనరేటర్ అందుకునే దాకా చీకట్లో నిలబడి అంకెలు లెక్కపెడతాడు. లైట్లు వెలుగుతాయి, ఫ్యాన్లు తిరుగుతాయి, ఏసీలు మాత్రం పలకవు. "ఏసీలకు రాదు సార్, లోడు ఎక్కువ" అంటాడు మేనేజరు. ఆ ఒక్క మాట కోసమే అంతసేపు చీకట్లో నిలబడ్డాడాయన. దాన్ని పట్టుకుని అద్దెలో పది వేలు తగ్గిస్తాడు. పూలతోటల్లో, లాన్లలో పెళ్ళయితే ఇంకో ప్రశ్న ఉంటుంది. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా లౌడ్‌స్పీకర్లు కూడదని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలు అంటాయి. తలుపులు మూసిన కల్యాణ మండపానికి అందులో కొంత వెసులుబాటు ఉంది గానీ ఆరుబయటికి లేదు. మన ముహూర్తమేమో రాత్రి రెండు దాటాక. పోలీసులొచ్చి పాటలు ఆపిస్తే ఆ చిన్నతనం ఎవరికి?

ఒకప్పుడు ఇంటి ముందు తాటాకు పందిరి వేసి పెళ్ళి చేసేవారు, అప్పుడు ఏ మావయ్య ఉన్నాడు అని పెద్దవాళ్ళు అడుగుతారు. నిజమే, అప్పుడు అవసరం లేదు. జనం ఎక్కువైతే పందిరికి ఇంకో రెండు రాటలు వేసేవారు. పక్కింటి అరుగు విడిది అయ్యేది, ఎదురింటి పెరడు వంటశాల అయ్యేది. గోడకు ఆ గుణం లేదు. పందిరికి తేదీ గొడవ కూడా లేదు, ముహూర్తం ఎప్పుడుంటే అప్పుడే వేసుకోవచ్చు. ఇప్పుడు సంగతి తిరగబడింది. ఆషాఢం కుదరదు, పుష్యం కుదరదు, మూఢం కుదరదు. 2023లో అధిక శ్రావణం వచ్చి పడింది. 2024లో మే, జూన్ నెలలు, అంటే పిల్లల సెలవులన్నీ, మూఢంలోనే పోయాయి. 2026లో అధిక జ్యేష్ఠం. ఇన్ని పోగా మిగిలిన కొద్ది రోజుల మీద ఊరంతా పడుతుంది. కనుక ముందు హాలు మేనేజరు డైరీ తెరుస్తారు, తర్వాతే పంతులుగారు పంచాంగం తెరుస్తారు. మావయ్య మూడు తేదీలు తెచ్చి ముందు పెడితే, అందులో ఒకదానికి మంచి లగ్నం వెతకడం పంతులుగారి వంతు. పెళ్ళికూతురు నక్షత్రానికి తారాబలం చూస్తున్నారో, హాలు ఖాళీకి చూస్తున్నారో ఆయనకే తెలియాలి. ఆ డైరీలో ఎర్ర సిరాతో రాసినవి ఖాయమైనవి, పెన్సిలుతో రాసినవి ఇంకా అడ్వాన్సు అందనివి. మావయ్య తలకిందులుగా కూడా పెన్సిలు రాతను చదవగలడు. దాన్ని చెరిపించగలడు కూడా, అయితే ఎలాగన్నది చెప్పడు.

అద్దె రోజంటే ఆరు నుంచి ఆరు దాకా అని రసీదు మీద సన్నక్షరాల్లో ఉంటుంది. తెల్లవారుజామున ముహూర్తమైతే తలంబ్రాలు ముగిసేసరికే తర్వాతి పార్టీ కూరగాయల వ్యాను గేటు దగ్గర హారన్ కొడుతుంటుంది. అప్పగింతల్లో తల్లి తీరిగ్గా ఏడవడానికి కూడా వ్యవధి ఉండదు. అందుకని ఇంకో మూడు గంటలు ఎక్కువ ఉంటామని రసీదు వెనక మేనేజరు చేతనే రాయించి సంతకం పెట్టిస్తాడు మావయ్య. అద్దె మీద 18 శాతం జీఎస్టీ, కరెంటు మీటరు రీడింగు, జనరేటర్ డీజిలు, క్లీనింగు, గ్యాసు, బయటి వంటవాళ్ళను తెస్తే దానికో రుసుము, మా డెకరేటర్‌తోనే చేయించుకోవాలన్న షరతు, ఇవన్నీ ఆ కాగితం మీదికి ఎక్కాలి. డిపాజిట్ ఎన్నాళ్ళలో తిరిగిస్తారో కూడా. అడ్వాన్సు ఇచ్చేటప్పుడు ఇంత నస ఎందుకని పెళ్ళికూతురు తండ్రి సిగ్గుపడి బయటికొచ్చి నిలబడతాడు. మావయ్యకు సిగ్గు లేదు. మర్నాడు బిల్లు చూసి రక్తపోటు తెచ్చుకునేది ఆయన కాదు గదా!

ఇప్పుడంతా ఫోన్లోనే ఉంది, ఫొటోలున్నాయి, చుక్కల రేటింగులున్నాయి, ఈవెంట్ మేనేజర్లున్నారు, ఇంకా ఈయనెందుకు అన్నది కాస్త గట్టి అభ్యంతరం. ఈవెంట్ మేనేజరు పని మావయ్య కంటే శుభ్రంగానే చేస్తాడు, ఒప్పుకుంటాను. కానీ అతని బాధ్యత ఒప్పంద పత్రంతో సరి. పూలు వాడిపోయాయని అతన్ని అడగొచ్చు. మా పెదనాన్నగారిని స్తంభం వెనక కూర్చోబెట్టారని అతన్ని నిలదీస్తే అర్థం కూడా కాదు, ఆయన ఎవరండీ అంటాడు. మావయ్యను నిలదీయొచ్చు. మొదట నేను ఆయన నిష్ఠూరాలను ముందుగా చూస్తాడన్నాను. ఆ మాట చాలదు. చూసి ఆపలేకపోయినవాటిని తన మీద వేసుకుంటాడు కూడా. "హాలు ఎవరు చూశారండీ?" అన్న ప్రశ్నకు జవాబుగా ఒక మనిషి ఉన్నాడు గనకే ఇంటాయన మొహం చెల్లుతోంది. దీనికి 2020 కన్నా వేరే సాక్ష్యం అక్కర్లేదు. లాక్‌డౌన్ తర్వాత పెళ్ళికి 50 మందికి మించకూడదన్నారు. హాలు లేదు, మావయ్యకు పని లేదు. అప్పుడు హాలు చిన్నదండీ అనే సాకు కూడా లేదు. ఆ 50 మందిలో మేమెందుకు లేమని చుట్టాలు నేరుగా ఇంటాయన్నే అడిగారు. కొన్ని ఇళ్ళ మధ్య మాటలు ఇప్పటికీ లేవు.

హాళ్ళే మానేసి గుడిలో చేసుకుంటే పోదా అనేవాళ్ళున్నారు. బాగానే ఉంటుంది. తిరుమలలో 2016 నుంచి కల్యాణ వేదికలో టీటీడీ ఉచితంగానే పెళ్ళిళ్ళు జరిపిస్తోంది, పురోహితుణ్ణీ మంగళవాద్యాన్నీ వాళ్ళే ఇస్తారు. అన్నవరం కొండ సంగతి చెప్పనే అక్కర్లేదు. అయితే కొండ మీద పెళ్ళి చేసుకున్నవాళ్ళు కిందికి దిగి ఏం చేస్తున్నారు? ఊళ్ళో రిసెప్షన్ పెడుతున్నారు. దానికి హాలు కావాలి, ఫోన్ మళ్ళీ మోగుతుంది. పెళ్ళిళ్ళకే కాదు, సాహిత్య సభల్లో కూడా మావయ్య ఉంటాడు గానీ అక్కడ ఆయన లెక్క తలకిందులు. పుస్తకావిష్కరణకు వచ్చేది 40 మంది అయినప్పుడు రవీంద్ర భారతి తీసుకుంటే సంతాప సభలా ఉంటుందని ఆయనకు తెలుసు. 50 కుర్చీల గది చూసి, అందులోనూ ఓ పది కుర్చీలు గోడవారగా మడిచి పెట్టిస్తాడు. నలుగురు నిలబడాల్సి వస్తే సభ కిటకిటలాడిందని మర్నాడు వార్త వస్తుంది. అమెరికా వెళ్ళిన మావయ్యలు పార్కింగు గురించి బెంగపడరు. హోమం పొగకు అలారం మోగి ఫైరింజన్ వస్తుందా రాదా అన్నదే వాళ్ళ మొదటి ప్రశ్న.

కమీషన్ తింటాడని గిట్టనివాళ్ళ మాట. తినేవాళ్ళు లేరనను. కానీ పోల్చడం కష్టం కాదు. కమీషన్ మనిషి ఒకే హాలు చూపించి ఏడు గుణాలు చెబుతాడు, మావయ్య ఏడు హాళ్ళు చూపించి ఒక్కోదానికి ఏడు లోపాలు చెబుతాడు. పెత్తనం చేస్తాడన్న మాటకు మాత్రం నా దగ్గర సమాధానం లేదు, చేస్తాడు. పెళ్ళికూతురికి నచ్చిన గాజు గోడల హాలును, మధ్యాహ్నం ఎండ పురోహితుడి వీపు మీద పడుతుందన్న ఒకే కారణంతో కొట్టేస్తాడు. అంతటి మావయ్య కూడా సొంత కూతురి పెళ్ళికి హాలు తాను చూడడు. తోడల్లుణ్ణి పిలిచి, "ఈసారి నువ్వు చూడవోయ్, నాకు తీరిక లేదు" అంటాడు. పెళ్ళినాడు వియ్యంకుడి పక్కన నిలబడి, "డైనింగు పైన పెట్టిన హాలు తీసుకున్నాడండీ మా తోడల్లుడు, నేను చెబుతూనే ఉన్నాను" అని మొదట అనేది ఆయనే.