నాయనలో వాటా

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, లెక్కకు 61 రోజులు, నెల్లూరు తీరంలో ఇంజను పడవ వేటకు పోకూడదు. చేపలు గుడ్లు పెట్టుకునే కాలం, వాటి జోలికి పోవద్దని సర్కారు ఆజ్ఞ. వేట ఆగిన కుటుంబానికి 2025 నుంచి 20 వేల రూపాయల భృతి. మంచిదే, ఎవరు కాదంటారు? కాకపోతే చేపపిల్లకు దొరికిన ఈ మర్యాద మనిషి పిల్లకు దొరకలేదు. బిడ్డ పుడితే సర్కారీ ఉద్యోగి అయిన తండ్రికి 15 రోజుల సెలవు. ప్రైవేటులో పనిచేసే తండ్రికి ఆ 15 కూడా ఇచ్చి తీరాలనే కేంద్ర చట్టం లేదు. రొయ్యల ప్లాంటులో షిఫ్టుకు పోయేవాడు నాలుగు రోజులు సెలవడిగితే సూపర్‌వైజరు వేసే ప్రశ్న ఒకటే: ‘కాన్పు నీకా, నీ పెళ్లానికా?’

ఉమ్మడి కుటుంబ ఆస్తిలో ఆడపిల్లకు సమాన వాటా ఇస్తూ ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించింది. దేశమంతా ఆ దారికి రావడానికి 2005 దాకా పట్టింది. కాబట్టి నెల్లూరు ఆడపిల్ల నాయన పొలంలో వాటా అడగొచ్చు, రొయ్యల గుంటలో వాటా అడగొచ్చు, అన్న ఇవ్వనంటే కోర్టుకెక్కొచ్చు. నాయనలో వాటా అడగాలంటే మటుకు ఎక్కడానికి మెట్టే లేదు. అందుకే కూతుళ్లే నాయన తరఫున వకాల్తా పుచ్చుకోవాల్సి వస్తోంది. ఆయన హక్కు ఆయన అడగడు. అడిగితే పని చేయాల్సి వస్తుంది.

చట్టం చదివితే నాయనే మారాజు. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం ఆరో సెక్షన్ ప్రకారం బిడ్డకు సహజ సంరక్షకుడు మొదట తండ్రి, ఆ తర్వాతే తల్లి. అయిదేళ్లలోపు బిడ్డ మాత్రం మామూలుగా తల్లి దగ్గరే ఉండాలి. అంటే ముక్కు తుడవాల్సిన వయసులో అమ్మ, సంతకం పెట్టాల్సిన వయసులో నాయన. రచయిత్రి గీతా హరిహరన్ కొడుకు పేరిట రిజర్వు బ్యాంకు బాండ్లు కొనబోతే తండ్రి సంతకం కావాలన్నారు. ఆమె సుప్రీంకోర్టుకు పోయింది. తండ్రి బతికుండగా కూడా తల్లి సంరక్షకురాలు కావచ్చని, బిడ్డ సంగతి బొత్తిగా పట్టని తండ్రి ఉన్నా లేనట్టేనని 1999లో కోర్టు తేల్చింది. ఆ కొలత పట్టుకుని మైపాడు నుంచి తుమ్మలపెంట దాకా జనాభా లెక్కలు తీస్తే తండ్రుల్లేని ఊళ్లు ఎన్ని తేలతాయో! మీసాలకు మటుకు కొదవుండదు.

అలాగని మనవాడికి పెంపకం చేతకాదనుకుంటే పొరపాటే. రొయ్యల గుంట ఉన్న నాయన రాత్రి రెండింటికి అలారం లేకుండా లేస్తాడు. కరెంటు పోయిందా, ఏరేటర్లు ఆగాయా అని టార్చి పట్టుకుని గట్టు మీద పరుగు తీస్తాడు. చెక్ ట్రే పైకి లాగి మేత మిగిలిందో లేదో చూస్తాడు. ఒక్క రొయ్యను అరచేతిలో పెట్టుకుని, వెలుతురుకు పట్టి, పేగు నిండుగా ఉందా అని తదేకంగా చూస్తాడు. వెనామీ సీడు వదిలి ఎన్నో రోజు, నిన్నటికి ఎన్ని గ్రాములు, కిలోకు వంద తూగే కౌంటు ఎప్పటికి వస్తుంది, నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. కూతురు ఏ సెక్షనో అడగండి. ‘వాళ్లమ్మను అడగండి’ అంటాడు. లక్షల రొయ్యపిల్లలను సాకే చేతికి ఒక్క పిల్లకు జడ వేయడం రాదంటే నమ్మమంటారా? రాక కాదు, గట్టు మీద నలుగురూ నవ్వుతారని.

తల్లి కువైట్‌కు పనికి పోయిన ఇళ్లలో నాయనలు జడలు వేస్తూనే ఉన్నారు. అన్నం వండి, క్యారియరు కట్టి, పిల్లను బండి మీద బడి దగ్గర దింపి వస్తున్నారు. వాళ్లను చూసి ఊరు అనే మాట ఒక్కటే: ‘పాపం!’ అదే పని అమ్మ ఇరవయ్యేళ్లు చేస్తే ఎవరికీ పాపం అనిపించలేదు.

ఈ ‘పాపం’ను కేంద్ర ప్రభుత్వం సర్వీసు రూల్సులోకి కూడా ఎక్కించింది. పిల్లల సంరక్షణ సెలవు, ఉద్యోగ కాలం మొత్తంలో 730 రోజులు, మహిళా ఉద్యోగులకు ఉండేది. 2018 డిసెంబరులో మగవాళ్లకూ ఇచ్చారు. ఏ మగవాళ్లకు? పెళ్లి కానివాడికి, భార్య పోయినవాడికి, విడాకులైనవాడికి. బిడ్డకు జ్వరమొస్తే పక్కన కూర్చోవాలనుకునే తండ్రికి సర్కారు ఇచ్చే సలహా ఏమిటంటే, ముందు పెళ్లాన్ని వదిలించుకుని రా. 2017లో ప్రసూతి చట్టాన్ని సవరించి తల్లులకు 26 వారాల సెలవిచ్చారు. 50 మంది పనిచేసే చోట పసిపిల్లలకు గది పెట్టాలన్నారు. తల్లి రోజుకు నాలుగుసార్లు పోయి బిడ్డను చూసి రావొచ్చు. అదే ప్లాంటులో పనిచేసే నాయనో? గేటు బయట బీడీ కాల్చుకోవచ్చు.

బడి డబ్బు 13 వేలు అమ్మ ఖాతాలో పడుతుంది, పథకం పేరే తల్లికి వందనం. నాయనకు వందనం ఏదని మూతి ముడుచుకునే మగమహారాజులు సొంత జిల్లా చరిత్ర ఒకసారి తిరగేయాలి. 1990ల మొదట్లో కలిగిరి మండలం దూబగుంటలో, అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్లు ఆ ఊరి రోశమ్మ ముందు నడవగా సారా కొట్లు మూయించారు. ఆ మంట రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దానికి తిలోదకాలు. పుస్తకాల్లో దాన్ని సారా వ్యతిరేక పోరాటమని రాశారు. నన్నడిగితే, కూలి డబ్బుతో సహా నాయనను పొద్దుగూకేసరికి ఇంటికి తెచ్చుకునే పోరాటం అది. డబ్బు ఎవరి చేతిలో పెడితే బిడ్డ కడుపుకు చేరుతుందో సర్కారుకు బోధపడిందంటే అలాంటి ఊళ్ల చలవే.

ఇక ‘తండ్రి హక్కులు’ అని జెండా ఎత్తే బాపతు ఒకటుంది. వీళ్లలో తండ్రి పుట్టేది మనోవర్తి నోటీసు చేతికందిన రోజున. అంతదాకా బిడ్డ పుట్టినరోజు తెలియనివాడు ఆ పూట నుంచి ‘నా రక్తం’ అని గుండెలు బాదుకుంటాడు. అవతలి పక్షమూ తక్కువ తినలేదు. అల్లుడి మీద కోపం తీర్చుకోవడానికి పిల్లను లోపలి గదిలో దాచే అమ్మమ్మ ఇళ్లూ ఉన్నాయి. నడుమ, నిజంగా బిడ్డ కోసం అల్లాడే తండ్రి కోర్టు ఇచ్చిన రెండు గంటల కోసం చాక్లెట్ ప్యాకెట్ పట్టుకుని బెంచీ మీద కూర్చుంటాడు. పిల్ల బెరుకు తీరి నోరు విప్పేసరికి టైమైపోతుంది.

ఉమ్మడి సంరక్షణకు చట్టంలో చోటివ్వాలని లా కమిషన్ 2015లోనే 257వ నివేదికలో చెప్పింది. బిడ్డకు అమ్మానాన్నలిద్దరి ప్రేమా దక్కాలని, దూరంగా ఉన్నవారు వీడియో కాల్‌లోనైనా మాట్లాడే వీలుండాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. అన్నిటికీ మించిన విడ్డూరం, తెలివిగా చెప్పగల వయసొచ్చిన బిడ్డ ఇష్టాన్ని కోర్టు లెక్కలోకి తీసుకోవచ్చని 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టంలోనే ఉంది. విక్టోరియా రాణి కాలంలో తెల్లదొరలకు తోచిన ముక్క మన పెద్దమనుషుల పంచాయితీకి ఇంకా తోచలేదు. అక్కడ కట్నం తేలాక, బంగారం తేలాక, బైకు ఎవరిదో తేలాక, లేవబోతూ ‘సరే, పిల్ల సంగతేంది?’ అంటారు.

నాయన ఎక్కడా కనిపించడని మాత్రం అనుకోకండి. కూతురి పుష్పవతి ఫంక్షన్‌కు సెంటర్లో ఫ్లెక్సీ లేస్తుంది. అందులో పిల్ల ఫొటో కంటే నాయన ఫొటో పెద్దది, పక్కన ఎమ్మెల్యే నమస్కారం. బిర్యానీ బ్రహ్మాండం. మర్నాటి నుంచి ‘పిల్ల ఎదిగింది’ అని ఆమెతో మాట్లాడటం మానేస్తాడు. మళ్లీ నోరు విప్పేది పెళ్లి పీటల మీద, కన్యాదానం మంత్రానికి. పెంచే హక్కు ఏనాడూ అడగని మనిషి దానమిచ్చే హక్కు మటుకు వదులుకోడు.

కాబట్టి సర్కారువారికి కూతుళ్ల తరఫున ఒక అర్జీ. ప్రభుత్వం, ప్రైవేటు అనే తేడా లేకుండా తండ్రికి సెలవు చట్టంలో రాయండి, భార్య బతికున్నా సరే. 257వ నివేదికకు పట్టిన దుమ్ము దులపండి. ఆరో సెక్షన్లో తల్లిని తండ్రి వెనక కాదు, పక్కన కూర్చోబెట్టండి.

నాయనలారా, మీ కూతుళ్లు మీ కోసం పోట్లాడి తెచ్చే ఈ హక్కును బీరువాలో పెట్టి తాళం వేయకండి. ఇది పిల్లకు జ్వరమొచ్చిన రాత్రి మేలుకోవాల్సిన హక్కు, బడి మీటింగులో ముందు బల్ల మీద కూర్చోవాల్సిన హక్కు. ఈసారి మీటింగుకు వాళ్లమ్మను పంపకండి, మీరే పోండి. పోయేముందు సెక్షను కనుక్కుని పోండి.